మార్చింది మానిఫోల్డు, పనిచేసింది గొట్టం

మా వంటింటి గట్టు కరీంనగర్ గ్రానైటు. ఒక ఆదివారం పొద్దున దాని మీదున్న పాలగిన్నె పక్కకు జరిపి, కారు ఇన్‌టేక్ మానిఫోల్డును, అంటే ఇంజిన్ సిలిండర్లకు గాలి పంచే గొట్టాల పెట్టెను, బోర్లించి పెట్టాను. కొత్తది. వెల్డింగ్ చేసిన అల్యూమినియం, పెళ్లికి కొన్న వెండి గిన్నెలా మెరుస్తోంది. ఒక పక్క టార్చిలైటు పట్టి, ఇంకో పక్క నుంచి వంగి చూశాను. ఇంజిన్‌కు ఆనే చదును అంచును ఫ్లాంజి అంటారు. ఆ ఫ్లాంజికీ రాయికీ మధ్య, రెండో సిలిండరు రంధ్రం దగ్గర్నుంచి మూడో దాని దాకా, సన్నగా వెలుతురు గీత. సందులు కొలిచే ఫీలర్ గేజిలో పావు మిల్లీమీటరు రేకు ఆ సందులోకి ఏ అడ్డూ లేకుండా దూరిపోయింది. వెల్డింగ్ వేడికి ఫ్లాంజి వంగిందన్నమాట.

"గదేంది, చపాతీలు చేసేకాడ?" అంది మా ఆవిడ.

"లెవెల్ చూస్తున్నా."

"ఎవరి లెవెలు?"

ఆ మాట అప్పుడు నవ్వేసి ఊరుకున్నా. దానికి జవాబు తెలియడానికి ఎనిమిది నెలలూ, ఒక మంచి ఫ్రిజ్ కొనేంత డబ్బూ పట్టింది.

బండి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, పాత తరం. 1.8 టర్బో, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి ఊదే పంకా ఉన్న ఇంజిన్, 1781 సీసీ, సిలిండరుకు ఐదు చొప్పున 20 వాల్వులు. మన దేశంలో అమ్మిన దానికి 150 పీఎస్. 1750 ఆర్‌పీఎం దగ్గరే 210 న్యూటన్ మీటర్ల టార్కు చేతికొస్తుంది. హన్మకొండ చౌరస్తాలో ఆటోల మధ్య ఇరుక్కున్నా, కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డెక్కినా ఒకే ఉత్సాహంతో నడిచే బండి అది. అంటే, ఒకప్పుడు నడిచేది. నా చేతికొచ్చిన నాలుగో ఏడాదికి ఆ ఉత్సాహం పలచబడింది. స్లోలో, అంటే కాలు వేయకుండా ఇంజిన్‌ను ఊరికే తిరగనిస్తే, ఆర్‌పీఎం ముల్లు వణికేది. రెండు వేల దగ్గర ఆగి ఆలోచించి కదిలేది. "గుంజుతలేదన్నా" అని మా మెకానిక్‌కు చెప్తే, "వయసు అన్నా, బండికి గూడ వస్తది" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. వయసుకు మందు లేదు గానీ మానిఫోల్డుకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఉంది.

నా వాదన ఇక్కడే చెప్పేస్తా, చివరిదాకా దాచడం దేనికి. టర్బో మార్చకుండా, వాల్వులుండే హెడ్డు ముట్టకుండా, రోజూ నడిపే బండికి పెద్ద మానిఫోల్డు వేయించి "పిక్కప్ పెరిగింది" అని మురిసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. పిక్కప్ నిజంగానే పెరిగి ఉంటుంది. అయితే దాన్ని పెంచింది మానిఫోల్డు ఆకారం కాదు, దాన్ని విప్పి బిగించేటప్పుడు మారిపోయిన చిల్లర సామాను. ఇది ఇంకొకరిని చూసి చెప్తున్నది కాదు, ఆ మురిసినవాళ్లలో నేనూ ఉన్నా.

మానిఫోల్డు ఏం చేస్తుందో వరంగల్ వాళ్లకు చెప్పడం తేలిక. కాకతీయులు మనకు చెరువులిచ్చి పోయారు కదా. ప్లీనమ్ అనే పెద్ద డబ్బా చెరువు. దాన్నుంచి నాలుగు సిలిండర్లకు పోయే రన్నర్లు కాలువలు. సిలిండర్లు పొలాలు, వాల్వులు మడవలు. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు టర్బో. ఇప్పుడు చెరువు పెద్దది చేసి, కాలువలు వెడల్పు చేశాం అనుకోండి. వాగులో వచ్చే నీళ్లు పెరుగుతాయా? పాకాల చెరువైనా పైన వాన పడితేనే నిండుతుంది. నా బండిలో ఉన్నది కే03 రకం చిన్న టర్బో. తొందరగా తిరుగుతుంది, పైకి పోయేసరికి దానికే ఊపిరి అందదు. దాని కింద నేను కాలువలు తవ్వించాను.

చెరువు పోలిక ఒక చోట తెగిపోతుంది, అసలు సరదా అక్కడే ఉంది. నీళ్లలా కాదు, గాలి స్ప్రింగులా నొక్కుకుంటుంది, తన్నుకొస్తుంది. బోరు మోటారు ఆపగానే పైపులో దడ్‌మని చప్పుడొస్తుంది చూడండి, పరుగెత్తే నీళ్లు ఠక్కున ఆగితే వచ్చే దెబ్బ అది. ఇన్‌టేక్ వాల్వు మూసుకున్నప్పుడు రన్నరులో గాలికీ అదే దెబ్బ. ఆ ఒత్తిడి అల ధ్వని వేగంతో, మన ఎండల్లో సెకనుకు దాదాపు 350 మీటర్ల చొప్పున, వెనక్కి ప్లీనమ్ దాకా పోయి, తిరిగి వాల్వు దగ్గరికొస్తుంది. సరిగ్గా వాల్వు మళ్లీ తెరుచుకునే సమయానికి వచ్చిందంటే ఇంకో గుక్కెడు గాలిని లోపలికి తోసేస్తుంది. పొడుగు రన్నరైతే అల ఆలస్యంగా వస్తుంది కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలో లాభం. పొట్టి రన్నరైతే తొందరగా వస్తుంది, ఎక్కువ ఆర్‌పీఎంలో లాభం. రెండూ కలిపి ఇచ్చే గొట్టం లేదు. అందుకే 2006లో మన దగ్గరికొచ్చిన హోండా సివిక్ లాంటి వాటిలో లోపల తలుపు పెట్టి, గాలి దారి పొడుగునే మార్చే ఏర్పాటు చేశారు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1960 నాటి అమెరికా కారు క్రైస్లర్ 300ఎఫ్. ఇంజిన్ మీద ఏనుగు దంతాల్లా రెండు వైపులా సాగిన గొట్టాలు, ఒక్కోటి 30 అంగుళాలు. మామూలు దానికి 375 హార్స్‌పవర్. కొన్ని ప్రత్యేకమైన బండ్లకు 400 ఇచ్చారు. వాటి మానిఫోల్డు కూడా బయటికి అలాగే కనిపిస్తుంది. లోపల గొట్టాల మధ్య గోడను సగం దాకా కోసేశారు, అంతే. 30 అంగుళాల రన్నరు 15 అయింది. పైన బలం పెరిగింది, కింద టార్కు పోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో బయటి నుంచి చెప్పలేం. మానిఫోల్డు మెరుపు చూసి డబ్బులు కట్టిన నాలాంటి వాడు ఈ సంగతి ఆర్డరు కొట్టకముందు చదివి ఉండాల్సింది.

ఫ్లాంజి సంగతికొస్తా. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "గ్యాస్కెట్ అడ్జస్ట్ చేసుకుంటుంది సార్" అన్నాడు. పావు మిల్లీమీటరు వంకరను, మధ్యలో వేసే ఆ పలచటి గ్యాస్కెట్ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, తర్వాత ఓర్చుకోదు. ములుగు రోడ్డు వైపు ఒక మెషిన్ షాపులో ఫేసింగ్ చేయించాను, అంటే ఆ ముఖాన్ని చదునుగా చెక్కించాను. అక్కడి పెద్దమనిషి ఎక్కువ మాట్లాడలేదు. ఫ్లాంజిని అరచేత్తో ఒకసారి తడిమి, "ఎవల్రా దీన్ని కాల్చింది" అన్నాడు.

బిగింపు రోజు షెడ్డులో పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం. ఫ్యూయల్ రైలు, ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ ఒక్కోటే ఊడదీసి గుడ్డ మీద పేర్చాం. అప్పుడు చూశాను ఆ గొట్టాలను. మానిఫోల్డు కింద, చెయ్యి దూరని చోట, మానిఫోల్డులోని ఒత్తిడిని మిగతా భాగాలకు అందించే సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలు అల్లుకుని ఉంటాయి. మెకానిక్ ఒకదాన్ని పట్టి లాగాడో లేదో ఎండిన చింతకాయ పెంకులా పటుక్కున విరిగింది. ఇంకోటి పట్టాడు, అదీ అంతే. ఇంజిన్ అడుగు పెట్టె, క్రాంక్‌కేస్ నుంచి ఆవిర్లు తెచ్చే బ్రీదర్ గొట్టం అడుగున నూనెకు నాని మెత్తబడి, చీలిక నోరు తెరిచి ఉంది. పై నుంచి చూస్తే కొత్త గొట్టంలా నున్నగా ఉందది.

"ఇవన్నీ మార్చుడే అన్నా," అన్నాడు. మార్చుడే మరి. మూడు మీటర్లకు పైనే కొత్త గొట్టం, కొత్త క్లాంపులు, బ్రీదర్ గొట్టం, వన్‌వే వాల్వు, ఇంజెక్టర్ల ఓ-రింగులు, గ్యాస్కెట్. థ్రాటిల్ బాడీ నల్లటి జిగురు పోయేదాకా కడిగాం. వీటన్నిటి ఖర్చు మానిఫోల్డు ధరలో ఇరవయ్యో వంతు కూడా లేదు. అందుకే ఆ రోజు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. పెళ్లి భోజనంలో ఉప్పు రుచిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు!

ఒక తప్పు కూడా జరిగింది. చిన్న బోల్టులు అవి, అల్యూమినియం హెడ్డులోకి దిగుతాయి, పది న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ రెంచి నా సంచిలోనే ఉంది. షెడ్డు కుర్రాడు మాత్రం పొడుగు హ్యాండిల్ పానా తీసుకుని "టైటుంటే మంచిదే గద" అని ఇంకో పావు తిప్పు తిప్పాడు. కర్ర విరిగే ముందు వచ్చే మెత్తటి చప్పుడు. పానా అలా తేలిపోయింది. థ్రెడ్ పోయింది. డ్రిల్లు చేసి, హెలికాయిల్ అనే తీగచుట్ట మరను వేసి, మళ్లీ బిగించేసరికి సాయంత్రం ఆరు.

మర్నాడు తెల్లవారుజామున మడికొండ దాటి ఘన్‌పూర్ వైపు తీసుకెళ్లాను. ఎంత ఆనందమంటే, నాలుగేళ్ల కింద బండి మొదటిసారి చేతికొచ్చిన రోజు గుర్తొచ్చింది. స్లో స్థిరంగా ఉంది. కాలు వేయగానే అందుకుంది. ఇంటికొచ్చి ఫొటోలు పెట్టాను, ఫ్రెండ్సుకు ఫోన్లు చేశాను, కరీంనగర్లో ఇద్దరి చేత ఇదే మానిఫోల్డుకు డబ్బులు కట్టించినంత పని చేశాను. ఆ పాపం ఇంకా నా నెత్తిన ఉంది.

అనుమానం ఊళ్లో మొదలైంది. రోడ్డు మీద బాగున్న బండి, నయీంనగర్ ట్రాఫిక్‌లో మూడో గేరులో పదిహేను వందల దగ్గర మునుపటి కంటే బద్ధకంగా తోచింది. ఒకసారి కాదు, రోజూ. ల్యాప్‌టాప్ తెచ్చి రీడింగులు తీశాను. ఈ బండి కంప్యూటర్లో 032 అనే బ్లాకు ఉంటుంది. ఇంజిన్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు ఎంత కలుపుకుంటోందో, ఎంత తీసేసుకుంటోందో చెప్పే చిట్టా అది. మొదటి అంకె స్లోలో, రెండోది నడకలో. విప్పకముందు తీసిపెట్టుకున్న దాంట్లో మొదటి అంకె పదికి పైన. ఇప్పుడు సున్నా పక్కనే ఉంది.

స్లోలో ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ. కాబట్టి చిన్న చీలిక నుంచి దొంగచాటుగా దూరే గాలి కూడా అక్కడ పెద్ద వాటా అవుతుంది. గాలిని కొలిచే మీటరు దాటి రాని ఆ గాలికి సరిపడా పెట్రోలు కంప్యూటరే అదనంగా పోసుకోవాలి. అందుకే ఆ పది. అదే చీలిక టర్బో ఊదేటప్పుడు తిరగబడుతుంది. మీటరు లెక్కపెట్టి లోపలికి పంపిన గాలి బయటికి పోతుంది, టర్బో ఇచ్చే ఒత్తిడి, అంటే బూస్టు, అదీ పోతుంది. 6000 ఆర్‌పీఎంలో ఈ ఇంజిన్ టర్బో సాయం లేకుండానే నిమిషానికి ఐదు వేల లీటర్లకు పైగా గాలి పీల్చగలదు. అంత గాలికి నేను కొత్త రాజమార్గం వేయిస్తుంటే, పాత దారిలో ఏళ్ల తరబడి గండి పడి ఉంది.

మా చిన్నాయన కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరైనవాడు. ఆల్కో డీజిల్ రైలింజిన్లు తప్ప మిగతావన్నీ ఆయన దృష్టిలో మిక్సీలు. స్టేషన్ నుంచి కదిలేటప్పుడు ఆ ఇంజిన్లు నల్లటి పొగ కక్కేవి గుర్తుందా? డీజిల్ ముందు వచ్చేసి, టర్బో ఊపందుకునే దాకా గాలి చాలకపోతే వచ్చే పొగ. ఆయనకు అంకెలు చూపించాను.

"ఏరా, గాలి ఎటు పోతుందో సూసినవా, సూడకుండనే డబ్బా మార్చినవా?"

"డబ్బానే మార్చిన చిన్నాయన."

పారేయకుండా దాచిన పాత గొట్టాలు తెమ్మన్నాడు. ఒక చివర బొటనవేలితో మూసి, ఇంకో చివర సైకిలు పంపు పెట్టించి, బకెట్లో ముంచాడు. పంక్చరు షాపులో ట్యూబు చూసినట్టే. బుడగలు ఒక చోట నుంచి కాదు, వరసగా, ముత్యాల దండలా లేచాయి. "ఇగో నీ ఆర్స్‌పవర్" అన్నాడు, ఇంకేం అనలేదు. టీ తాగి వెళ్లిపోయాడు.

అప్పుడు చేసిన పని నా జీవితంలో కాస్త బుద్ధిగా చేసిన పనుల్లో ఒకటి. కొత్త గొట్టాలు, కొత్త క్లాంపులు అన్నీ అలాగే ఉంచి, పాత మానిఫోల్డును కొత్త గ్యాస్కెట్‌తో తిరిగి బిగించాను. మెకానిక్ నన్ను అదోలా చూశాడు. విప్పడానికి ముందు ఒకసారి, బిగించాక ఒకసారి, ఒకే రోడ్డు ముక్క మీద, ఒకే పొద్దు పూట, బండిలో అదే ఇద్దరం, మూడో గేరులో 40 నుంచి 80 దాకా కాలు పూర్తిగా వేసి ఫోన్‌లో వీడియో తీశాం. రెండు వైపులా, మూడేసి సార్లు.

40 నుంచి 80కి పాత మానిఫోల్డే ముందు, దాదాపు అర సెకను. ఐదు వేలు దాటాక కొత్తది ముందుకొచ్చిన మాట నిజమే, కాకపోతే ఆ తేడాను కాలు పట్టుకోలేదు, వీడియో ఆపి ముల్లు చూస్తేనే కనిపించింది. స్లో? రెండిటితోనూ ఒకేలా, నిలకడగా. తెల్లవారుజామున ఘన్‌పూర్ రోడ్డు మీద నాకు కలిగిన ఆనందం పాత మానిఫోల్డుతోనూ అచ్చం అలాగే కలిగింది.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "రీమ్యాప్ చేయించకుండా మానిఫోల్డును ఎట్ల తప్పు పడతవ్?" కొత్త ముక్కకు తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు మార్పించడం రీమ్యాప్. నిజమే, చేయించలేదు. నేననేది కూడా అదే. ఆ ముక్క ఒంటరిగా పనిచేయదు. ఫోర్డు 2012లో మస్టాంగ్ బాస్ 302 చేసినప్పుడు 5.0 ఇంజిన్‌కు పొట్టి రన్నర్ల మానిఫోల్డు పెట్టింది. 412 హార్స్‌పవర్ 444 అయింది. కానీ అదే చేత్తో హెడ్డులో పోర్టులు మలిచింది, వాల్వులను తెరిచే క్యామ్‌లు మార్చింది, ఇంజిన్ ఇంకా పైకి తిరిగేలా లోపలి సామాను గట్టిది వేసింది. అంత చేసినా టార్కు 390 పౌండ్-అడుగుల నుంచి 380కి దిగింది. రేసు ట్రాకులో ఎప్పుడూ పైనే ఉండే ఇంజిన్‌కు అది బంగారంలాంటి బేరం. కాజీపేట బ్రిడ్జి మీద సెకండు గేరులో ఎక్కే నాకు కాదు. కంపెనీ ఇంజినీర్లకు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోక తప్పనప్పుడు, పెట్టె విప్పి బిగించగానే అంతటా లాభమే అని చెప్పే అమ్మకపు మాటను నమ్మడం నా తెలివితక్కువ.

ఇక మన ఎండ ఉంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి పదో వంతు పలచన. మే నెల మధ్యాహ్నం వరంగల్లో ఏ ఇంజిన్ అయినా ఆ నష్టంతోనే రోజు మొదలుపెడుతుంది. టర్బో దాన్ని పూడ్చడానికి ఇంకా గట్టిగా ఊదుతుంది, ఊదేకొద్దీ గాలి ఇంకా వేడెక్కుతుంది. ఈ బండిలో ఆ వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ బంపరు మూలన, చక్రం దగ్గర నక్కి ఉండే చిన్న ముక్క. డబ్బు పెట్టే ఉబలాటమే ఉంటే ముందు అక్కడ పెట్టాలి. నేను పెట్టలేదు, ఎందుకంటే అది బానెట్ ఎత్తితే కనిపించదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అందం కోసం వేసుకుంటానంటే నాకే అభ్యంతరం లేదు. మెరిసే అల్యూమినియం బాగుంటుంది. చట్టం మాత్రం గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు లెక్కకు భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

పాత టర్బో బండి గుంజడం లేదని ఎవరైనా ఇప్పుడు నన్నడిగితే ప్లంబింగ్ షాపుకు పంపుతాను. టర్బో మూతికి సరిపడే పీవీసీ మూత ఒకటి, దానికి రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి. మూతి దగ్గర అది బిగించి, గాలి పంపుతో మెల్లగా, బండి మామూలుగా చూసే బూస్టుకు మించకుండా ఒత్తిడి పెట్టి, గొట్టాల మీద సర్ఫు నీళ్లు చల్లి చూడమంటాను. నురగ ఎక్కడ లేస్తే అక్కడ రోగం. రెండు వందల రూపాయల పరీక్ష. నేను అది చేసి ఉంటే మానిఫోల్డు కొనేవాణ్ని కాదా? కొనేవాణ్నే. అబద్ధం ఎందుకు. కాకపోతే అది ఏం ఇచ్చిందో, ఏం ఇవ్వలేదో మొదటి రోజే తెలిసేది, కరీంనగర్‌కు ఫోన్లు చేసేవాణ్ని కాదు.

మానిఫోల్డు అమ్మకానికి పెట్టాను. పెద్దపల్లి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, అదే బండి, అదే రంగు. ఈ కథంతా చెప్పాను. 032 రీడింగు చూపించమన్నాను, అతని దగ్గర లేదు. స్లోలో ముల్లు ఆడుతోందా అంటే, ఆడుతోందన్నాడు. ముందు గొట్టాలు మార్చి చూడు తమ్మీ, తర్వాత కావాలంటే తీసుకుపోదువు అన్నాను. ఓపిగ్గా విన్నాడు, తలూపాడు.

"అన్నా, గొట్టాలు తర్వాత చూస్తా. ఫైనల్ ఎంతకిస్తవ్?"

సగం ధరకు ఇచ్చాను. ఫేసింగ్ చేయించిన సంగతి చెప్పి, ఫ్లాంజికి గీత పడకుండా పాత టవల్ చుట్టి డిక్కీలో పెట్టాను. షెడ్డులో మిగిలిన వ్యాక్యూమ్ గొట్టం మీటరు పైన ఉంటే చుట్ట చుట్టి, రెండు క్లాంపులతో సహా ఆ టవల్ మడతలో దోపాను.

"ఇదెందుకన్నా?" అన్నాడు.

"మానిఫోల్డుతో పాటే వస్తది," అన్నాను.